తాడు కొస పట్టుకున్న మా ఎస్తేరు

పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్న నాకు మా ఊరి నెట్ సెంటర్ శ్రీను ఫోన్ చేసి, "మేడం, ఎస్తేరు మేడం సచ్చిపోయిందట" అన్నాడు. "పొద్దున్నే ఏం మాటలురా అవి, నోరు కడుక్కున్నావా లేదా" అని కసిరాను. అవతల నుంచి ఎక్కిళ్ళు వినబడ్డాయి. వాడు ఏడుస్తున్నాడని అర్థమయ్యాక నా చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. జ్వరమని తెలుసు, మలేరియా అన్నారనీ తెలుసు. ఈ అడవి అంచు ఊళ్ళలో మలేరియా రానిదెవరికి? మాత్రలు మింగి, దుప్పటి ముసుగేసి, చెమట పట్టాక లేచి పనికి పోవడమే మాకు అలవాటు. ఈసారి అది మెదడుకెక్కిందట. ఖమ్మం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆమెకు నలభై కూడా నిండలేదు.

నేను తెలుగు లెక్చరర్ని. మా ఊళ్ళో ఎవరు పోయినా సంతాపసభలో మాట్లాడమని నన్నే పిలుస్తారు. అకాల మరణం, అశనిపాతం, పూడ్చలేని వెలితి... ఈ మాటలు ఎంతమందికి పంచిపెట్టానో నాకే గుర్తులేదు. ఒకసారి అలాంటి సభ నుంచి తిరిగొస్తుంటే ఎస్తేరు నా భుజం మీద చెయ్యేసి, "అక్కా, నువ్వు ఏడ్చినా సమాసం విడగొట్టకుండ ఏడుస్తవ్" అని వెక్కిరించింది. ఇవాళ ఆమె గురించే రాయాల్సి వచ్చింది. సమాసాలు వాటంతటవే వస్తున్నాయి, తప్పేమీ లేదు కూడా. ఆమె నిశితప్రజ్ఞ గల విదుషీమణి. నిర్భయభాషిణి. పరదుఃఖాన్ని తన ఒంటిమీద గాయంలా మోసిన మనిషి. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఇంతటితో ఆపితే ఆమె నన్ను క్షమించదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఎస్తేరు మా కాలేజీలో గెస్ట్ లెక్చరర్. ఆ ఉద్యోగం ఎలాంటిదో తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. గంటల లెక్కన జీతం, సెలవుల్లో అదీ లేదు. ప్రతి జూన్‌లో మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. స్టాఫ్ రూములో బీరువా ఉండదు, గ్రూప్ ఫొటోలో కుర్చీ ఉండదు. బోనకల్ దగ్గరి పల్లె ఆమెది. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్, తల్లి మిరపతోటల్లో కూలి. హైదరాబాదుకు పోయి ఇంగ్లీషు చదివి, అమెరికాలోని నల్లజాతి స్త్రీల ఆలోచనా సంప్రదాయం మీద పరిశోధన చేసి వచ్చింది. హైదరాబాదులోనే ఉండిపోవచ్చు కదా అని అడిగాను. "అక్కడ దీని గురించి చెప్పేటోళ్ళు శానమంది ఉన్నరక్కా. వినాల్సినోళ్ళు ఇక్కడున్నరు" అంది. ఆ మాట అంటూనే నా టిఫిన్ డబ్బాలోంచి చింతకాయ పచ్చడి లాక్కుంది. మహావాక్యాలు పలికేటప్పుడు ఆమె నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది.

క్లాసులో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేది. శనివారం మధ్యాహ్నం మాత్రం తన ప్రసంగం. ఎవరూ రమ్మని బలవంతపెట్టరు, హాజరు వెయ్యరు. నల్లజాతి స్త్రీవాదం ఒక వారం, కంప్యూటర్లూ ఫోన్లూ మన బతుకుల్లోకి తెస్తున్న కొత్త సంస్కృతి ఒక వారం. మా ప్రిన్సిపాల్ గారిది సత్తుపల్లి వైపు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు, భయస్థుడు. "ఎందుకమ్మా మనకీ అమెరికా గొడవ? సిలబస్‌లో ఉందా?" అన్నారు. "లేదు సార్. సిలబస్‌ల మేం గూడ లేం గదా సార్" అంది ఎస్తేరు. ఆయన నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

నేను విన్న మొదటి ప్రసంగం ఇప్పటికీ చెవుల్లో ఉంది. పుస్తకం తెరవలేదు, పేర్లు వల్లించలేదు. "మీ ఇంట్ల ఆడోళ్ళకు బయటకి పోవాల్నంటే ఏం అడ్డమొస్తది?" అని పిల్లల్నే అడిగింది. ముందు బెంచీలోని ఒక రైతుబిడ్డ లేచి, "మా అమ్మని గడప దాటనివ్వరండి" అంది. వెనక నుంచి చండ్రుగొండ పిల్ల ఒకతె, లేవకుండానే, "మా అమ్మను ఇంట్ల కూసోనియ్యరు మేడం. జరమొచ్చినా కూలికి పోవాలె" అంది. ఎస్తేరు ఆ రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాసింది. సుద్దముక్క పక్కన పెట్టి పిల్లల వైపు తిరిగింది.

"ఇద్దరిది బాధనే. గని ఒక్క బాధ కాదు. గడప దాటనియ్యని అమ్మ బయటకి పోతె, ఆ ఇంట్ల అంట్లు ఎవరు తోముతరు? ఇంట్ల కూసోనియ్యని అమ్మనే తోముతది. అమెరికాల తెల్ల ఆడోళ్ళు మమ్మల్ని బయట పనికి పోనియ్యుండ్రి అని కొట్లాడుతుంటె, నల్ల ఆడోళ్ళు ఏమన్నరో ఎరికేనా? తల్లీ, మేం పుట్టినకాడికెల్లి మీ ఇంట్లనే పని చేస్తున్నం, మమ్మల్ని గూడ చూసి మాట్లాడుండ్రి అన్నరు." రైతుబిడ్డ తల దించుకుంది. ఎస్తేరు వెళ్ళి ఆ పిల్ల పక్కనే కూర్చుంది. "నువ్వు తలకాయ దించుకోకు బంగారం. మీ అమ్మ గడప గూడ దాటాల్సిందే" అంది. ఎవరినీ చిన్నబుచ్చకుండా నిజం చెప్పే విద్య అందరికీ అబ్బదు. నాకైతే ఇప్పటికీ రాలేదు. నేను నిజం చెబితే ఇద్దరు అలుగుతారు.

కంప్యూటర్ల సంగతికొస్తే, మా ఊళ్ళో ఉన్నది ఒక్క నెట్ సెంటర్, శ్రీనుది. చెక్క గదులు, వాటికి తెరలు. ఆ తెరల వెనక మగపిల్లలు ఏం చూస్తారో ఊరందరికీ తెలుసు కాబట్టి ఆడపిల్లలు ఆ మెట్లు ఎక్కేవాళ్ళు కాదు. ఎస్తేరు ఒకరోజు పోయి తెరలన్నీ పీకి మడతపెట్టి శ్రీను బల్ల మీద పెట్టింది. "మేడం, గిరాకీ పోతది" అని వాడు మొత్తుకున్నాడు. "పొద్దున పూట మా పిల్లలొస్తరు. గిరాకీ నేను తెస్త" అంది. తెచ్చింది కూడా. కరెంటు పోతే చీకట్లోనే పాఠం సాగేది. "అద్దంల నిన్ను నువ్వు చూస్కుంటవ్. నెట్ల నిన్ను ఎవడో చూస్తడు. వాడెవడు, ఎందుకు చూస్తుండు, ముందు గది అడుగుండ్రి" అని ఎప్పుడూ చెప్పేది. ఆ మాట చివరికి తనకే వచ్చి తగిలింది.

ఇక ముత్తమ్మ సంగతి చెప్పాలి. పినపాక దాటాక అడవిలో ఉన్న ఒక కోయ గూడెం నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ముత్తమ్మ. ఈ కథ రాయొచ్చా అని ముందుగా ఆమెనే అడిగాను. "రాయుండ్రి మేడం. గని ఎస్తేరు మేడం చేసిన తప్పు గూడ రాయాలె. గది ఇడిసిపెడ్తె మొత్తానికే రాయొద్దు" అంది. సంస్మరణ వ్యాసంలో పోయినవాళ్ళ తప్పు రాయడం మన ఆచారం కాదు. అయినా రాస్తున్నాను.

తొలకరికి ముందు, విత్తనాలు చల్లే ముందు, మా వైపు కోయ గూడేల్లో భూమి పండుగ చేస్తారు. మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని, పాటలు పాడుతూ, ఆడుతూ, వచ్చే పోయే బండ్లను ఆపుతారు. ఎంతో కొంత చేతిలో పెడితేగానీ తాడు దించరు. ఆఫీసరు జీపయినా, కర్రల లారీ అయినా ఒకటే మర్యాద. అది బిచ్చం కాదు, ఆ రోజు ఆ దారి వాళ్ళది. ఇక్కడ పుట్టి పెరిగిన మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. బస్సు ఆగగానే చిల్లర తీసి పట్టుకుంటాం. ఆ ఏడు డిగ్రీ చివరి సంవత్సరంలోకి రాబోతున్న ముత్తమ్మ, సెలవులకు ఇంటికి పోయి, తాడు పట్టుకుని నిలబడింది. మా జిల్లాలోని పెద్ద గుడికి వచ్చి తిరిగి పోతున్న కారొకటి ఆగింది. అందులో ఒకాయన రూపాయి బిళ్ళ ఇచ్చి, కెమెరా తీసి ఫొటో కొట్టుకుని పోయాడు.

కాలేజీ తెరిచాక ఆ ఫొటో ఏదో వెబ్‌సైట్‌లో శ్రీను కంటబడింది. ఫొటో కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలున్నాయి. శ్రీనుకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మన ఊరి పిల్ల ప్రపంచానికంతా కనబడుతోందని మురిసిపోయి, రంగుల్లో అచ్చుతీసి, షాపు అద్దం తలుపుకి అంటించాడు. ప్రతి కంప్యూటర్ తెర మీదా ఆ ఫొటోనే పెట్టాడు. దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాడు. కింద రాసున్నదేమిటంటే, రూపాయి ఇస్తే అడవి పిల్లలు రోడ్డు మీద ఆడతారట. చదవగలిగిన కుర్రాళ్ళు చదివారు. అక్కడి నుంచి హాస్టల్ గోడ దాకా రావడానికి ఎంతసేపు? ముత్తమ్మ వెళ్తుంటే వెనక నుంచి రూపాయి బిళ్ళలు మోగించడం మొదలుపెట్టారు.

ఎస్తేరు అగ్గిమీద గుగ్గిలమైంది. ఆ శనివారం ప్రసంగానికి హాలు నిండిపోయింది. కాలేజీకి కొత్తగా వచ్చిన ప్రొజెక్టర్ పెట్టించి, ఆ ఫొటోను గోడంత చేసి చూపించింది. ఎంత గొప్పగా మాట్లాడిందని! బానిసల సంతలో నల్లజాతి స్త్రీల దేహాలను నిలబెట్టి చూసిన కళ్ళ దగ్గర మొదలుపెట్టి, కెమెరా దాకా, ఆ రూపాయి బిళ్ళ దాకా వచ్చింది. ఈ ఫొటో ఎవడు తీసిండు? ఎవడు చూస్తుండు? దీనితోటి ఎవనికి లాభం? ఒక్కో ప్రశ్నకూ హాలు ఊగిపోయింది. నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్ల మధ్యలో కిటికీ పక్క బెంచీ నుంచి ముత్తమ్మ లేచి, గోడ మీది తన ముఖం ముందునుంచే నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. మర్నాటికి హాస్టల్లో ఆమె పెట్టె లేదు. ఇక రానని, చదువు చాలని వార్డెన్‌కు చెప్పి గూడేనికి పోయింది.

ఆ సంగతి తెలిసినప్పుడు ఎస్తేరు స్టాఫ్ రూములో టీ తాగుతోంది. గ్లాసు కింద పెట్టి, "అక్కా, ఆ శ్రీనుగాడు తలుపుకే అంటించిండు. నేను గోడంత చేసిన" అంది. ఓదార్చబోయాను, నీ ఉద్దేశం మంచిదే కదా అన్నాను. "మంచిదే గద. అందుకే ఎక్కువ తగిలింది ఆ పిల్లకు" అంది. ఆమెలో నాకు అన్నిటికంటే పెద్దగా కనబడే గుణం ఇదే. తన ఉద్దేశాన్ని అడ్డం పెట్టుకుని ఎన్నడూ దాక్కోలేదు.

నన్ను వెంటబెట్టుకుని గూడేనికి బయలుదేరింది. బస్సు దిగి అడవిలో నడిచాం. ఆ వైపు కోయ గూడేల్లో ఎవరైనా తప్పు చేస్తే పెద్దల ముందు నిలబడి, చేసింది నోటితో చెప్పి, తప్పు కట్టాలి. కట్టాల్సిందేమిటో వాళ్ళే తేలుస్తారు. ఎస్తేరు పెద్దల్ని పిలవమని అడిగి, ఎండలోనే నిలబడి, చేసిందంతా చెప్పింది. పెద్దమనుషులు మొహమాటపడ్డారు. "మేడం, నువ్వు మంచికే జేసినవ్. తప్పేంలేదు, చాయ్ తాగి పో" అన్నాడు పటేలు. "మంచికే జేసిన. గని అడగక జేసిన. తప్పు కట్టకుండ పోను" అంది ఎస్తేరు. మంచం మీద కూర్చున్న ముత్తమ్మ నాయనమ్మ పకపకా నవ్వింది. "తప్పు ఎయ్యుండ్రని కొట్లాడెటోళ్ళను నేనేడ సూళ్ళే తల్లీ!"

"ముత్తమ్మను అడుగుండ్రి" అంది ఎస్తేరు. గడప దగ్గర నిలబడ్డ ముత్తమ్మ ముందుకు వచ్చింది. "పాఠం మంచిగనే ఉన్నది మేడం. అబద్ధమేం లేదు. ఎవడు తీసిండు, ఎవడు చూస్తుండు అని అందర్ని అడిగినవ్. నేను కిటికి కాడ కూసున్న. నన్నొక్కదాన్నే అడగలే." మాటకు మాట అప్పజెప్పడంలో మా జిల్లాలో ఎస్తేరును మించినవాళ్ళు లేరు. ఆ రోజు "అవ్ బిడ్డా. అడగలే" అని మాత్రం అంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

ముసలమ్మకు ఫొటో ఇప్పుడెక్కడ ఉందో తెలియాలి. నెట్ సెంటర్లో అంటే అదేంది అంది. ఎస్తేరు ముక్కు ఎగబీల్చి, "అది గూడ తొవ్వ లెక్కనే అవ్వా. దేశదేశాల జనం అండ్లకెళ్ళి పోతుంటరు, వస్తుంటరు. పోంగ పోంగ ఈ పిల్ల ముఖం కనబడ్తది" అని చెప్పింది. "తొవ్వనా? తొవ్వయితె తాడు కట్టరాదుండ్రి మరి!" అంది ముసలమ్మ. అందరూ గొల్లుమన్నారు, నేనూ నవ్వాను. ముత్తమ్మ నవ్వలేదు. "కడ్దాం. ఒక కొస నేను పడ్త, ఒక కొస మేడం పట్టాలె. గదే ఆమె తప్పు" అంది.

సంత రోజున ఊరు ఊరంతా చూసింది. డోలు కొట్టుకుంటూ గూడెం ఆడవాళ్ళు వచ్చారు. శ్రీను నెట్ సెంటర్ తలుపుకు అడ్డంగా తాడు. ఒక కొస ముత్తమ్మ చేతిలో, ఒక కొస ఇస్త్రీ కాటన్ చీరలో మా ఎస్తేరు చేతిలో. లోపలికి పోవాలన్నా, బయటికి రావాలన్నా చేతిలో ఏదైనా పెట్టాల్సిందే. బిళ్ళలు మోగించిన కుర్రాళ్ళు లోపల చిక్కుకుపోయారు. సందట్లో మా ప్రిన్సిపాల్ గారి స్కూటర్ కూడా ఆ దారినే వచ్చింది. "ఏంటమ్మా ఎస్తేరూ ఇదీ, నలుగురిలో!" అన్నారాయన. "పండుగ సార్. ఇయ్యుండ్రి" అంది ఎస్తేరు. ముసలమ్మ ఆయన చుట్టూ ఒక ఆట కూడా ఆడింది. ఆయన చెమటలు తుడుచుకుంటూ జేబు తడుముకున్నారు. ఆ దృశ్యం తలుచుకుంటే ఈ దుఃఖంలో కూడా నాకు నవ్వొస్తోంది.

శ్రీను బయటికి వచ్చి ముత్తమ్మతో, "నేనేం జేసిన అక్కా, మన ఊరికి పేరొచ్చిందనే పెట్టిన" అన్నాడు. ముత్తమ్మ తాడు పట్టుకునే, ఆ ఫొటో కింది ఇంగ్లీషును గట్టిగా చదివి, ఒక్కో మాటకూ తెలుగు చెప్పింది. శ్రీను ముఖం నల్లబడింది. "నాకు సదువు రాదక్కా, మంచిగనే రాసిండ్రనుకున్న" అంటూ తలుపు మీది కాగితం తన చేత్తోనే చింపాడు. ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ పోయి ఆ బొమ్మ తీసేశాడు. తాడు దిగింది.

అక్కడితో అయిపోలేదు. ముత్తమ్మ అదే నెట్ సెంటర్లో కూర్చుని ఆ వెబ్‌సైట్‌లో ఫొటో కిందనే ఇంగ్లీషులో రాసింది. ఎస్తేరు పక్కన నిలబడింది గానీ కీబోర్డు ముట్టుకోలేదు, ఒక్క తప్పు కూడా దిద్దలేదు. ముత్తమ్మ రాసింది నేను తెలుగులో చెబుతాను: ఈ ఫొటోలో ఉన్నది నేనే. నా పేరు ముత్తమ్మ. బి.ఎ. చదువుతున్నాను. ఆ రోజు మా పండుగ, ఆ దారి మాది. నువ్వు రూపాయి ఇచ్చింది దారికి. ఫొటోకు నన్ను అడగలేదు. ఆ వెబ్‌సైట్ వాళ్ళు ఫొటో తీసేయలేదు. కానీ ఆ రోజు నుంచి దాన్ని చూసినవాళ్ళంతా ఆ మాటలు కూడా చదవాల్సి వచ్చింది. సోమవారం ముత్తమ్మ కిటికీ పక్క బెంచీలో కూర్చుంది.

గెస్ట్ లెక్చరర్ సంతలో డోలు చప్పుడుకు తాడు పట్టుకుని నిలబడితే ఊరుకుంటారా? మరుసటి జూన్‌లో ఎస్తేరు గంటలు సగానికి తగ్గించారు. నేను ప్రిన్సిపాల్ గదికి పోయి బల్ల గుద్ది గొడవ చేశాను. ఆయన ఫైళ్ళలోకి తల దూర్చారు. ఎస్తేరు మాత్రం, "ఊకో అక్కా. శనివారం పాఠానికి ఎట్లాగు జీతం లేదు గదా, అది తగ్గించలేరు" అని నవ్వింది. ఆ నవ్వు వెనక ఇల్లు ఎట్లా గడిపిందో నాకు తెలుసు. పొద్దున పూట ట్యూషన్లు చెప్పుకుంది. రెండు చీరలే మార్చి మార్చి కట్టింది. అయినా ఇస్త్రీ మడత చెడనివ్వలేదు, ఆ విషయంలో మహా టెక్కు.

ఆ తరవాత ఆమె ప్రసంగాల తీరే మారిపోయింది. వరంగల్ నుంచి, హైదరాబాదు నుంచి పిలుపులొచ్చేవి. నల్లజాతి స్త్రీవాదాన్నీ, డిజిటల్ సంస్కృతినీ ఒకే తాటి మీదికి తెచ్చి మాట్లాడే మనిషి అడవి అంచున ఉందని వాళ్ళకు తెలిసింది. పెద్ద పెద్ద ఆచార్యులు ముందు వరసలో కూర్చుని రాసుకునేవాళ్ళు. ముత్తమ్మ ఉదంతం చెప్పాలనుకున్న ప్రతిసారీ ముందు ముత్తమ్మకు ఫోన్ చేసి అడిగేది. ఒప్పుకుంటే చెప్పేది. ఒకసారి నాతో వరంగల్ పోతూ బస్టాండ్లో నా పక్కనే నిలబడి అడిగితే ఆ పిల్ల ఒద్దంది. "సరే బిడ్డా" అని ఫోన్ పెట్టేసి, బస్సులో కూర్చుని, ప్రసంగం మొత్తం మళ్ళీ రాసుకుంది. "ఒక్కసారి ఒప్పుకున్నది గదా, మళ్ళీ అడగడమెందుకు?" అన్నాను. "అక్కా, పోయినసారి ఇచ్చింది పోయినసారికే" అంది. స్త్రీవాదం మీద నేను గ్రంథాలు చదివాను, ఉపన్యాసాలిచ్చాను. నాకు పనికొచ్చిన పాఠం మాత్రం ఆ బస్సులో దొరికింది.

అంత్యక్రియలు బోనకల్ దగ్గర వాళ్ళ పల్లెలోనే జరిగాయి. మా కాలేజీకి సెలవివ్వలేదు. గెస్ట్ లెక్చరర్ పోతే సెలవిచ్చే రూలు లేదట. అయినా పిల్లలు ఒక్కరూ క్లాసులో కూర్చోలేదు, రైలెక్కి వచ్చేశారు. శ్రీను షాపు మూసి వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చారు, ఒక మూల నిలబడి ముఖం దాచుకుని ఏడ్చారు. గూడెం నుంచి ఆడవాళ్ళు ఆటో మాట్లాడుకుని, తమలో ఒకరు పోతే తెచ్చినట్టే కొత్త బట్టలు తెచ్చి ఎస్తేరు మీద కప్పారు. పాస్టరు గారు ప్రార్థన ఆపి, వాళ్ళు కప్పడం అయ్యేదాకా ఓపిగ్గా నిలబడ్డారు. ముత్తమ్మ ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఆమె ఏడవలేదు. ఎస్తేరు తల్లిని పట్టుకుని కూర్చుంది, అంతే.

కడసారి చూపుకని ముఖం మీది బట్ట తొలగించారు. జనంలోంచి విలేకరి ఒకడు ముందుకు తోసుకొచ్చి, కెమెరా ఎత్తాడు. ముత్తమ్మ లేచి కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవర్నడిగినవ్?"

వాడు తెల్లబోయాడు. "పేపర్ల వెయ్యాలె మేడం. మంచిగనే రాస్త. సచ్చిపోయినామెను ఎట్ల అడుగుతరు?"

"నన్నడుగు" అంది ముత్తమ్మ.

వాడు కెమెరా దించి, గొంతు తగ్గించి, "తియ్యొచ్చా మేడం?" అని అడిగాడు. పాపం, నిజంగానే అడిగాడు. ముత్తమ్మ వంగి ఎస్తేరు తల్లి ముఖంలోకి చూసింది. ఆ తల్లి తల అడ్డంగా ఊపింది. ముత్తమ్మ విలేకరి వైపు తిరిగి, "ఒద్దు అన్నా" అంది. వాడు కెమెరా సంచిలో పెట్టుకుని వెనక్కి పోయాడు. అప్పుడు ముత్తమ్మ మోకాళ్ళ మీద కూలబడి, ఎస్తేరు పాదాలు పట్టుకుని, గూడెం దాకా వినబడేటట్టు ఏడ్చింది.

అందువల్ల పాఠకులారా, ఈ వ్యాసం పక్కన ఆమె ఫొటో ఉండదు. సంపాదకులు ఎక్కడో పాత ఫొటో సంపాదించారు, వద్దని నేనే ఆపాను. ఎస్తేరూ, అడగకుండా నీ మీద ఇన్ని మాటలు రాశాను. తప్పు కట్టమంటే కడతాను, ఏం కట్టాలో చెప్పడానికి నువ్వే లేవు.